ఐదుంటే పైకి

పలమనేరు వైపు పల్లెల్లో తెల్లవారి ఆరు కొట్టేసరికి పాల కేంద్రం ముందర వరస కడతారు. వరసలో ఉన్నవాళ్ళ కళ్ళన్నీ బల్ల మీది చిన్న పెట్టె మీదే. పోసిన పాలని గరిటెతో కలిపి, చిన్న గిన్నెలో కొంచెం తీసి ఆ పెట్టె గొట్టం కింద పెడితే నిమిషంలో రెండు లెక్కలు చెబుతుంది. వెన్న శాతం ఒకటి, వెన్న తీసేస్తే మిగిలే గట్టి పదార్థం శాతం ఇంకొకటి. మొదటిది ఫ్యాట్, రెండోది ఎస్సెన్నెఫ్. బడి గడప తొక్కని ముసలమ్మలు కూడా ఈ రెండు మాటలూ తడుముకోకుండా పలుకుతారు. పదిహేను రోజులకోసారి చేతికొచ్చే డబ్బు వాటి మీదే ఆధారపడి ఉంటే ఎవరికైనా నాలుక తిరుగుతుంది.

వెన్న సంగతి పక్కన పెడదాం. ఆవు పాలల్లో గొడవంతా రెండోదాని దగ్గరే వస్తుంది. అక్కడ ఒక ఊళ్ళో పాలు కొనే డెయిరీ, దాని పేరు మనకెందుకు గానీ, ఎనిమిదిన్నర దగ్గర గీత గీసింది. ఎస్సెన్నెఫ్ 8.5 ఉంటే పూర్తి ధర. ఒక పాయింటు తగ్గి 8.4 అయితే లీటరుకి అర్ధరూపాయి కోత. ఇంకో పాయింటు తగ్గితే ఇంకో అర్ధరూపాయి. పైకి పోతే మాత్రం పాయింటుకి పావలాయే ఎక్కువ. కోతకి అర్ధరూపాయి, కలపడానికి పావలా ఏమిటని అడిగినవాళ్ళు లేరు. రేటు చార్టు అంటే గోడకి అంటించి ఉండేది, అడగడానికి ఉండేది కాదు.

పెట్టేమో రెండు దశాంశ స్థానాల దాకా చదివి 8.42 అనో 8.57 అనో చెబుతుంది. చార్టు ఒక్క స్థానంతో ఆగిపోతుంది. చివరి అంకెని మధ్యలో ఎక్కడో వదిలించుకోవాలి. ఆ పని పెట్టెకి తగిలించిన కంప్యూటరు చేస్తుంది. ఆ కంప్యూటరుకి ప్రోగ్రాం రాసింది తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో పనిచేసే కుర్రాడు.

కుర్రాడు బుద్ధిమంతుడు. పైథాన్‌లో రాశాడు, శుభ్రంగా రాశాడు. చివరి అంకెని వదిలించాల్సిన చోట ఆ భాషలోనే సిద్ధంగా ఉన్న రౌండ్ అనే ఫంక్షన్‌ని పిలిచాడు. ఒక్క లైను పని. చీటీ మీద పెట్టె చదివిన అంకె, దాని పక్కనే ధర కట్టిన అంకె, రెండూ అచ్చయ్యేట్టు చేసింది కూడా అతనే. పాలు పోసినవాళ్ళకి తెలియాలి కదా అన్నాడు. డెయిరీవాళ్ళకి ఆ ముచ్చట అంతగా రుచించకపోయినా అడ్డు చెప్పలేదు.

ఆ కేంద్రంలో ప్రింటరు పాడైతే కొత్తది బిగించడానికి అతను వచ్చాడు. ఏజెంటు టీ తెప్పించి నవ్వుతా అన్నాడు: “సార్, మీ కంప్యూటరు మీద మా అవ్వ పంచాయితీ పెట్టింది.”

అవ్వకి ఒక జెర్సీ ఆవు. పూటకి ఐదారు లీటర్లు పోస్తుంది. పక్కింట్లో ఆమె తోడికోడలికి ఇంకో జెర్సీ ఆవు. ఇద్దరికీ మాటలు లేవు. మాటలు లేకపోయినా ఒకరి చీటీలో ఏముందో ఇంకొకరికి తెలియకుండా పొద్దు గుంకదు. అవ్వ కొంగు ముడి విప్పి బల్ల మీద రెండు చీటీలు పెట్టింది. ఒకటి తనది. రెండోది తోడికోడలిది, ఎట్లా సంపాదించిందని ఎవరూ అడగలేదు.

“చూడు నాయనా. నాది పెట్టె 8.45 చదివింది, నువ్వు 8.4 కట్టినావు. దానిది 8.55 చదివింది, నువ్వు 8.6 కట్టినావు. దానికి ఐదుంటే పైకి పాయె. నాకు ఐదుంటే కిందికి పాయె. ఏడో తరగతి చదివే నా మనవడు ఐదుంటే పైకే పోవల్ల అంటాడు. మీ కంప్యూటరు ఏ బళ్ళో చదివింది?”

ఏజెంటు నవ్వాడు. కుర్రాడు నవ్వలేదు. అతనికి సమాధానం తెలుసు, తెలుసనే అనుకున్నాడు.

“తప్పు కాదవ్వా, అదొక పద్ధతి. సరిగ్గా మధ్యలో ఉన్న ఐదుని ప్రతిసారీ పైకే తోస్తే మొత్తం లెక్క పైకి జరిగిపోతుంది. అందుకని దగ్గర్లో సరిసంఖ్య ఎటుంటే అటు పంపిస్తారు. నీ 8.45కి ఒక పక్క నాలుగు, ఒక పక్క ఐదు. నాలుగు సరిసంఖ్య కాబట్టి కిందికి వచ్చింది. ఆమె 8.55కి ఒక పక్క ఐదు, ఒక పక్క ఆరు. ఆరు సరిసంఖ్య కాబట్టి పైకి పోయింది. బ్యాంకర్ల పద్ధతి అంటారు దీన్ని.”

పద్ధతి గురించి చెప్పినదాంట్లో అబద్ధం లేదు. పైథాన్ మూడో అవతారం వచ్చినప్పటినుంచీ రౌండ్ ఇట్లాగే చేస్తోంది. 2.5 ఇస్తే 2 అంటుంది, 3.5 ఇస్తే 4 అంటుంది. బళ్ళో నేర్చుకున్న లెక్కతో వచ్చి మొదటిసారి దీన్ని చూసినవాళ్ళు కంప్యూటరు చెడిపోయిందేమో అనుకుంటారు.

అవ్వ ఓపికగా విన్నది. విని, కొంగు ముడిలోంచి ఇంకో రెండు చీటీలు తీసింది. తోడికోడలిది 8.65, కట్టింది 8.7. తనది 8.35, కట్టింది 8.3.

“ఏడు సరిసంఖ్యా నాయనా? మూడు?”

ప్రింటరు బిగించే పని పక్కకి పోయింది. కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి 8.45ని పూర్తిగా, ఏ అంకే దాచకుండా చూపించమని అడిగాడు. తెర మీద 8.4499999999999992894 అంటూ మొదలై చాంతాడంత అంకె వచ్చింది.

ఇది అతనికి చదువుకునే రోజుల్లో చెప్పినదే. పరీక్షలో రాశాడు కూడా. కంప్యూటరు లోపల లెక్క రెండు అంకెలతోనే నడుస్తుంది. దశాంశ బిందువు తర్వాత దానికి తెలిసినవి అర, పావు, అరపావు, వీసం, ఆ తర్వాత దాంట్లో సగం, అందులో సగం. వీటిని కూడి తెచ్చుకోగలిగిన భిన్నమైతే ఖచ్చితంగా పట్టుకుంటుంది. 8.5 పట్టుకుంటుంది, 8.25 పట్టుకుంటుంది, 8.75 పట్టుకుంటుంది. 0.45 అంటే ఇరవైలో తొమ్మిది వంతులు. ఇరవైలో ఒక ఐదు దాగి ఉంది, సగాలు ఎన్ని చేసినా ఐదోవంతు రాదు. రూపాయిని ముగ్గురికి పైసా తేడా లేకుండా పంచమంటే ఏమవుతుందో అదే అవుతుంది. ఎంత పంచినా కొంచెం మిగులుతూనే ఉంటుంది. కంప్యూటరుకి అంత ఓపిక లేదు. ఒక సంఖ్యకి 53 బిట్ల జాగా ఇస్తుంది, అక్కడికి అటో ఇటో దగ్గరగా ఉన్నదాన్ని రాసుకుని ఊరుకుంటుంది. ఈ ఏర్పాటుకి 1985లో ఐ ట్రిపుల్ ఇ 754 అని ప్రమాణం కూడా వచ్చింది. దాని వెనక ఉన్న పెద్దమనిషి విలియం కహాన్‌కి 1989లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ఆయన చేసింది చాలా గొప్ప పని. రాకెట్ల నుంచి వాతావరణం లెక్కల దాకా దాని మీదే నడుస్తున్నాయి. పాల కేంద్రం ఆయన లెక్కలో ఉండి ఉండదు.

ఇక చీటీలు ఒక్కొక్కటే విడిపోయాయి. అవ్వ 8.45 లోపల 8.45 కన్నా వెంట్రుకవాసి తక్కువగా ఉంది. 8.35 కూడా అంతే. తోడికోడలి 8.55, 8.65 వెంట్రుకవాసి ఎక్కువగా ఉన్నాయి. మధ్యలో ఎవరూ లేనేలేరు, కాబట్టి సరిసంఖ్య పద్ధతి రంగంలోకి దిగనేలేదు. తక్కువగా ఉన్నవి కిందికి, ఎక్కువగా ఉన్నవి పైకి పోయాయి. రౌండ్ ఫంక్షన్ తప్పు ఇసుమంతైనా లేదు. దానికి ఇచ్చిన సరుకే మారిపోయింది. పెట్టె కేబుల్ గుండా 8.45 అనే నాలుగు అక్షరాలే పంపించింది. వాటిని సంఖ్యగా మార్చిన క్షణంలో అవ్వ ఐదు నాలుగైపోయింది.

కంప్యూటరుకి తోడికోడలంటే ప్రత్యేకమైన అభిమానం లేదని, అవ్వవి వరసగా కిందికి, ఆమెవి వరసగా పైకి పోవడం కేవలం కుదిరిన సంగతి అని చెప్పాలని కుర్రాడికి నోటిదాకా వచ్చింది. అవ్వ మొహం చూసి మింగేశాడు.

“తప్పు మాదే అవ్వా. సరిచేస్తాను” అన్నాడు.

సరిచేయడానికి అడ్డదారులు ఉన్నాయి. చాలామంది ప్రోగ్రామర్లు వందతో గుణించి, గుండ్రం చేసి, మళ్ళీ వందతో భాగిస్తారు. 1.005ని వందతో గుణిస్తే 100.49999999999999 వస్తుందని తెలిసేదాకా అది బాగానే ఉంటుంది. ఇంకొందరు చివర్లో చిటికెడు ఏదో కలిపి పైకి తోస్తారు. ఎంత కలపాలో ఎవరి చేతివాటం వాళ్ళది. కుర్రాడు ఆ జోలికి పోలేదు. పైథాన్‌లో డెసిమల్ అని వేరే ఏర్పాటు ఉంది. అది మనం కాగితం మీద చేసినట్టే పదుల్లో లెక్క కడుతుంది, 8.45ని 8.45గానే పట్టుకుంటుంది. అయితే దానికి అంకెని కొటేషన్ గుర్తుల మధ్య, అక్షరాలుగా ఇవ్వాలి. గుర్తులు మరిచిపోయి ఉత్త 8.45 ఇస్తే అప్పటికే పాడైన సరుకుని తీసుకుని, ఆ పాడైనదాన్ని మహా నమ్మకంగా కాపాడుతుంది. గుండ్రం చేసే పద్ధతి కూడా మనమే చెప్పాలి, చెప్పకపోతే ఇదీ సరిసంఖ్య వైపే పోతుంది. పద్ధతులు మొత్తం ఎనిమిది. అతను రౌండ్ హాఫ్ అప్ అనేదాన్ని ఎంచుకున్నాడు. ఐదుంటే పైకి. అవ్వ మనవడి లెక్క.

ఆ రాత్రే రాసి, పరీక్షించాడు. 8.35 చక్కగా 8.4 అయింది, 8.45 చక్కగా 8.5 అయింది. 8.25 అయితే అంతకుముందు నిజంగానే సరిసంఖ్య పద్ధతిలో 8.2కి పోతూ ఉండింది, అదీ 8.3కి వచ్చింది. కానీ ధర కట్టే లెక్కని డెయిరీ అనుమతి లేకుండా మార్చడానికి వీల్లేదు. చీటీల నకళ్ళు పట్టుకుని మేనేజరు గారి దగ్గరికి వెళ్ళాడు.

మేనేజరు గారు మర్యాదస్తులు. కూర్చోమన్నారు, మజ్జిగ ఇప్పించారు. కుర్రాడు చీటీలు పరిచి చెప్పుకుంటూ పోయాడు. జీఎస్‌టీ చట్టం 170వ సెక్షన్ కూడా యాభై పైసలు, ఆ పైన ఉంటే రూపాయి చేయమంటుందని చట్టం మాట ఎత్తాడు.

“మనం కొనే పాల మీద జీఎస్‌టీ లేదు కదయ్యా” అన్నారు మేనేజరు గారు. అదీ నిజమే.

ఇది పైసల గొడవలాగా కనపడుతోందని కుర్రాడికి అర్థమైంది. పెద్ద ఉదాహరణ కావాలి. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని ధహ్రాన్‌లో జరిగింది చెప్పాడు. అమెరికావాళ్ళ పేట్రియట్ క్షిపణి వ్యవస్థ కాలాన్ని సెకనులో పదోవంతుల్లో లెక్కపెట్టేది. పదోవంతు రెండంకెల లెక్కలో ఇమడదు, 24 బిట్ల దగ్గర మిగతాది కోసేశారు. నూరు గంటలు ఆపకుండా నడిచేసరికి గడియారం 0.34 సెకను తప్పింది. ఆ కాస్తలో ఇరాక్ స్కడ్ క్షిపణి అర కిలోమీటరు పైనే వచ్చేస్తుంది. పేట్రియట్ దాన్ని చూడాల్సిన చోట చూడలేదు. 28 మంది సైనికులు పోయారు.

“అయ్యో పాపం” అన్నారు మేనేజరు గారు. చెయ్యి తిప్పి వాచీ చూసుకున్నారు.

కుర్రాడు చివరి అస్త్రం తీశాడు. కెనడాలో వాంకూవర్ స్టాక్ ఎక్స్చేంజి. 1982 జనవరిలో వెయ్యి పాయింట్లతో కొత్త సూచీ మొదలుపెట్టారు. ఒక్కో లావాదేవీకీ సూచీని మళ్ళీ కట్టేవాళ్ళు, రోజుకి దాదాపు మూడు వేల సార్లు. కట్టిన ప్రతిసారీ మూడు దశాంశ స్థానాలు ఉంచి మిగతాది గుండ్రం చేయకుండా కోసేసేవాళ్ళు. ఒక్కోసారి పోయేది పాయింటులో వెయ్యోవంతు కూడా కాదు. అయినా ఎప్పుడూ కిందికే పోతుంది కదా. 1983 నవంబరు నాటికి సూచీ 524 దగ్గర తేలింది. మార్కెట్ చూస్తే బాగానే ఉంది. లెక్క సరిచేసి చూసుకుంటే అది ఉండాల్సింది 1098 దగ్గర.

మేనేజరు గారు కలం కింద పెట్టారు.

“ఒక్క నిమిషం. సగం పోయిందా?”

“సగానికి పైనే అండీ.”

“ఎన్నాళ్ళలో?”

“ఇరవై రెండు నెలలండీ.”

“అన్నాళ్ళు ఎవరూ కనిపెట్టలేదూ?”

“ఒక్కోసారి పోయేది మరీ చిన్నది కదండీ. కళ్ళకి ఆనదు.”

“వాళ్ళంతా చదువుకున్నవాళ్ళేగా?”

“స్టాక్ మార్కెట్టండీ!”

మేనేజరు గారు కలం తీసుకుని ఏదో రాసుకున్నారు. “బాగా చెప్పావయ్యా. ఇదంతా నివేదికగా రాసియ్యి, హెడ్డాఫీసుకి పంపుతాను. ఆ కెనడా సంగతి మాత్రం వివరంగా రాయి.”

పెద్దాయనకి విషయం ఎక్కినందుకు కుర్రాడు పొంగిపోయాడు. దిగి వచ్చేటప్పుడు మెట్లు రెండేసి దిగాడు. రెండు రాత్రులు కూర్చుని నివేదిక రాశాడు. వాంకూవర్‌కి ఒక పేజీ కేటాయించాడు. రేపెవరైనా వచ్చి ఈ ప్రోగ్రాం చూసినా అర్థం కావాలని చివరి పేజీలో డెసిమల్ ఎనిమిది పద్ధతులనీ వరసగా రాసి, ఏది ఏం చేస్తుందో ఒక్కో వాక్యంలో చెప్పాడు. కింద అడ్డగీత గీసి, పద్ధతి మార్చాలంటే ప్రోగ్రాంలో ఒక్క మాట మారిస్తే చాలు అని కూడా రాశాడు.

తర్వాతి పక్షం బిల్లులు పోకముందే మేనేజరు గారు ఫోను చేశారు.

“అభినందనలయ్యా. హెడ్డాఫీసులో అందరూ చదివారు. ఒక్క ఊళ్ళో కాదు, మన కేంద్రాలన్నిట్లోనూ నీ కొత్త లెక్కే పెట్టమన్నారు. ఇకనుంచి ఖచ్చితమైన లెక్క అని కేంద్రం కేంద్రానికీ బోర్డు రాయిస్తున్నాం.”

“థాంక్సండీ.”

“ఒక్క చిన్న మార్పు. నీ చివరి పేజీలో ఎనిమిది ఉన్నాయి చూడు. నువ్వు పెట్టింది రౌండ్ హాఫ్ అప్. అది తీసి రౌండ్ డౌన్ పెట్టు.”

కుర్రాడు సరిగా వినలేదేమో అనుకున్నాడు. “అది చివరి అంకెని కోసేయడమండీ. 8.45 కాదు, 8.49 కూడా 8.4 అయిపోతుంది. వాంకూవర్‌వాళ్ళు చేసింది అదే కదండీ!”

“తెలుసయ్యా. నీ నివేదికే కదా చదివింది.”

“ఆ అవ్వకి ఏం చెప్పమంటారండీ?”

“ఆవిడ అడిగిందేమిటి? తోడికోడలికి ఒక లెక్క, నాకొక లెక్కా అని. న్యాయమైన మాట. ఇకమీదట ఇద్దరికీ ఒకటే లెక్క.”

“తెలిసిపోతుందండీ.”

“అంత చదువుకున్నవాళ్ళకే ఇరవై రెండు నెలలు పట్టిందని రాశావు. పలమనేరు పల్లెల్లో ఆవుని మేపుకునేవాళ్ళకి ఎన్నాళ్ళు పడుతుందంటావు?” మేనేజరు గారు కాసేపు ఆగారు. “అన్నట్టు, చీటీ మీద రెండంకెలు ఎందుకు? పెట్టె అంకె తీసెయ్. కాగితం దండగ. మీ కంపెనీ మెయింటెనెన్సు బిల్లు నా బల్ల మీదే ఉంది. ఈ పని కాగానే సంతకం పెడతాను.”

ఒక్క మాట మారిస్తే చాలు. మార్చాడు. 8.45 ఇస్తే 8.4 వచ్చింది, 8.55 ఇస్తే 8.5, 8.65 ఇస్తే 8.6. వెంట్రుకవాసి ఎక్కువా లేదు, తక్కువా లేదు. అంత తేడా రాని ప్రోగ్రాం అతను అంతకుముందు రాసి ఎరగడు. రాత్రి అన్ని కేంద్రాలకీ ఎక్కించి పడుకున్నాడు.

పొద్దున ఆరున్నరకి ఏజెంటు ఫోను. “సార్, అవ్వ మాట్లాడల్లంట.”

“నాయనా” అన్నది అవ్వ. వెనక క్యాన్ల చప్పుడు వినపడుతోంది. “చీటీలో పెట్టె అంకె ఎత్తేసినారు, సరే. పెట్టె ముందర నిలబడితే నా కండ్లకి కనపడదా? ఈ పొద్దు నాది 8.45. మళ్ళా 8.4 కట్టినారు. మా తోడికోడలిది 8.59. దానికి 8.5 కట్టినారు.”

“అదే అవ్వా, ఇప్పుడు ఇద్దరికీ ఒకటే లెక్క” అన్నాడు కుర్రాడు. ఇంకేమనాలో తోచలేదు.

“నాది పైకెత్తమంటిని గానీ, దానిది కిందికి దించమంటినా నాయనా?”